ఇష్టమైన కూర వండకండి

భార్యను కీమోకి తీసుకెళ్లే భర్తకు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చెప్పేది ఒకటే: బాగా తినిపించు, ధైర్యం చెప్పు, నలుగురూ వచ్చి పోతూ ఉంటే మంచిది. నా సలహాలు దీనికి పూర్తిగా తలకిందులు. వినడానికి కటువుగా ఉన్నా పాటించండి.

మందు ఎక్కించే రోజున ఆమెకు ప్రాణమైన కూర వండి క్యారేజీ కట్టకండి. గుత్తివంకాయ ఇష్టమని పట్టుకెళ్తారు. పాపం, మీ మనసు నొప్పించలేక రెండు ముద్దలు తింటుంది. రాత్రికి వాంతులు. ఆ వికారం ఆ కూరకు అంటుకుపోతుంది. వైద్యం ముగిశాక కూడా ఆ పోపు వాసనకే కడుపులో తిప్పవచ్చు. 1978లో అమెరికా పరిశోధకురాలు ఐలీన్ బర్న్‌స్టైన్ కీమోకి ముందు పిల్లలకు ఓ కొత్త రుచి ఐస్‌క్రీం పెట్టి చూశారు. తర్వాత వాళ్లలో చాలామంది దాన్ని వద్దన్నారు. కాబట్టి ఆ రోజుకి బ్రెడ్డో, రవ్వ ఉప్మానో, పోయినా బెంగలేనిది పెట్టండి. పెరుగన్నం మాత్రం వద్దు. అది ఆమెకు జీవితాంతం కావాలి.

డేకేర్ వార్డులో "ఓర్చుకో" అనకండి. మన ఆడవాళ్లకు ఓర్చుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, అక్కడే ప్రమాదం. రొమ్ము క్యాన్సర్‌లో తరచుగా వాడే ఎర్ర మందు డాక్సోరుబిసిన్ నరంలోంచి బయటికి కారితే చుట్టూ ఉన్న కండను కాల్చేస్తుంది. సూది గుచ్చిన చోట మంట, వాపు, బిగుతు ఏది కనిపించినా ఆ క్షణమే సిస్టర్‌ని పిలవాలి. ఫోను జేబులో పెట్టి ఆ చెయ్యి చూస్తూ కూర్చోండి. ఆ మందుతో ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదని ఆమెకు ముందే చెప్పండి.

ఇంటికొచ్చాక రెండు రోజులు వాంతి శుభ్రం చేయాలంటే గ్లవ్స్ వేసుకోండి. తిప్పతీగ రసం, ఇంకేదో కషాయం ఎవరు తెచ్చినా డాక్టరును అడగందే పట్టకండి. పలకరించడానికి వచ్చినవాళ్లకు జలుబుంటే గుమ్మం దగ్గరే ఆపండి, ఆమె కన్నతల్లైనా సరే. నిష్ఠూరం మీరు మోయండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది: జ్వరమొస్తే డోలో వేసి తెల్లారాక చూద్దాం అనుకోకండి. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోతుంది. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణం మీదికి తేవచ్చు. మాత్ర వేస్తే వేడి తగ్గుతుంది, లోపలిది తగ్గదు. నుదుటి మీద చెయ్యి పెట్టి అంచనా వేయకండి, థర్మామీటరు కొనండి. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా బయల్దేరండి. క్యాజువాల్టీలో పేరు కంటే ముందు "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి. ఫైలు బీరువాలో దాచకుండా తలుపు పక్కనే ఉంచండి. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన రాత్రిపూట నంబరు మీ ఫోన్లో ఎక్కించుకున్నారా? లేకపోతే ఇప్పుడే ఎక్కించండి.