జూన్ చీటీ పాట

మా కాలనీలో ప్రతి నెలా 5వ తేదీ సాయంత్రం చీటీ పాట ఉంటుంది. ఇరవై చీటీలు, నెలకు 5,000, ఇరవై నెలలు. ఏప్రిల్‌లో మొదలైంది. మొదటి నెల లక్షా పాట లేకుండా నడిపే పిన్నికే వెళ్తుంది, ఆ తర్వాత ఆమెకు కమీషన్ ఏమీ ఉండదు. రిజిస్టర్ చేయించని ఇలాంటి చీటీ 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టానికి విరుద్ధమని తెలియనివాళ్లు లేరు. అయినా హైదరాబాద్‌లో అద్దె వాటాల్లో బతికే ఆడవాళ్లకు ష్యూరిటీ సంతకాలు అడగకుండా అంత డబ్బు ఇంకెవరిస్తారు?

ఈ పాటలో జూన్ తీరే వేరు. మేలో పెళ్లిళ్ల చదివింపులు, ఊరి ప్రయాణాలు, ఏడాదికి సరిపడా కారం, ఆవకాయ అయ్యేసరికి చేతిలో ఏమీ మిగలదు. 12న బడులు తెరుస్తారు. టర్ము ఫీజు, పుస్తకాల సెట్టు, బస్సు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒకే వారంలో మీద పడతాయి. దసరాకి పదిహేను వేలకు పోయే చీటీ జూన్‌లో ఇరవై దాటిపోతుంది. పాడినామె వదులుకున్న సొమ్మును ఇరవై చీటీలకూ పంచి, అందరి వాయిదాలోనూ తగ్గిస్తారు. అంటే ఒక తల్లి అవసరం ఎంత ముదిరితే మిగతావాళ్లకు అంత లాభం.

ఈ ఏడాది పాటకు దిగింది ఇద్దరే. ఒకరు మా కింది వాటాలో ఉండే అమ్మాయి. భర్త మందుల షాపులో పనిచేస్తాడు, తను జాకెట్లు కుడుతుంది. రెండో ఆమె వెనక వీధి అక్క. ఇద్దరి పిల్లలదీ ఒకే ప్రైవేటు బడి. 10వ తేదీలోగా ఫీజు కట్టకపోతే పుస్తకాలు ఇవ్వబోమని ఇద్దరి ఫోన్లకూ ఒకే మెసేజ్ వచ్చింది.

"పదిహేను" అంది అక్క.

"పద్దెనిమిది."

"ఇరవై."

ఇరవై మూడు దగ్గర పిన్ని ఆపింది. "చూసుకోండమ్మా. ఇంకా పదిహేడు నెలలు కట్టాలి."

"ఏం చేయను పిన్నీ, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టలేను కదా" అని ఇరవై ఏడుకు వెళ్లింది కింది వాటా అమ్మాయి. అక్క లేచింది. "సర్లే, నా నల్లపూసల గొలుసు ఉందిగా" అంటూ మెడ తడుముకుని వెళ్లిపోయింది. లక్ష చీటీ 73,000కు ముగిసింది. పోయిన 27,000 ఇరవైకి పంచితే తలా 1,350. ఆ నెల వాయిదా 3,650 అయింది. ఒక తల్లి మీద ఇంకో తల్లి పోటీపడి నష్టపోవడం చూసి నాకు కడుపు మండింది.

మర్నాడు ఆ అమ్మాయి తోడు రమ్మంటే బడికి వెళ్లాను. ఫీజుల గదిలో కరస్పాండెంట్ మేడమే స్వయంగా కూర్చుంది. ఆ అమ్మాయి పిల్లలిద్దరికీ కలిపి టర్ము ఫీజు 46,000, పుస్తకాలు 15,000, బస్సు 12,000. లెక్క సరిగ్గా 73,000. యూనిఫాం ఇంకా అందులో లేదు. ప్రభుత్వ బడిలో పుస్తకాలు, రెండు జతల బట్టలు ఊరికే ఇస్తారని ఆ అమ్మాయికి తెలుసు. కానీ పిల్లలు ఇంగ్లీషు గడగడా మాట్లాడాలని వాళ్లాయనకు కోరిక. ఆ కోరికను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

"మేడం, పుస్తకాల డబ్బు ఇప్పుడు కట్టేస్తాను. ఫీజులో సగం ఆగస్టులో కడతాను. ఆ సగంతో యూనిఫాం, బూట్లు కొనుక్కుంటాను."

"అలా కుదరదమ్మా. జూన్‌లో ఖర్చులుంటాయని ముందే తెలుసు కదా. పిల్లల్ని చదివించాలంటే ఏడాది ముందు నుంచీ కొంచెం కొంచెం పక్కన పెట్టుకోవాలి" అంది మేడం. మాట మెత్తగానే ఉంది.

ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు. పర్సు తెరిచి రబ్బరు బ్యాండు వేసిన కట్టలు బల్ల మీద పెట్టింది. మేడం లెక్కపెట్టుకుంది. రసీదు మీద అడ్రసు రాస్తూ తలెత్తి చూసింది.

"మీరుండేది చీటీ పిన్ని వాళ్ల వీధిలోనేనా?"

"అవును మేడం. ఆమె ఇంటికి ఎదురుగానే."

"మంచిదైంది. మనిషిని పంపే పని తప్పింది" అంటూ మేడం అదే కట్టలోంచి నోట్లు తీసింది. 7,300 లెక్కపెట్టి కవర్లో పెట్టి ఆ అమ్మాయి చేతికిచ్చింది. "ఇది పిన్నికి ఇచ్చెయ్యమ్మా. నావి రెండు చీటీలు, 3,650 చొప్పున. ఈ నెల ఎవరో బాగా పైకి పాడారట."

సాయంత్రం పిన్ని కవరు తీసుకుని పుస్తకంలో జమ వేసుకుంటుంటే చూశాను. ఆ రెండు చీటీల ఎదుటా చివరి రెండు నెలలు రాసి ఉన్నాయి. అప్పటికి మేడంకు పోటీగా పాడేవాళ్లు ఒక్కరూ మిగలరు. లక్షకు లక్ష చొప్పున రెండూ పూర్తిగా ఆమెకే వస్తాయి.