తోకకెక్కిన ఇంటిపేరు

మా రోజుల్లో కొత్త మనిషి అరుగెక్కితే మొదట "ఏ ఊరు బాబూ?", ఆ తర్వాత "ఇంటిపేరేంటి?" అని అడిగేవాళ్లం. సొంత పేరు ఆఖర్న. ఇంటిపేరు చెవిన పడగానే వాడి మేనమామలెవరో, మనకి ఎటునుంచి చుట్టమో మా నాయనమ్మ అక్కడికక్కడే తేల్చేసేది. అందులో కులం ఆరా కూడా ఉండేది లెండి, అదేం మెచ్చుకోదగ్గది కాదు.

ఇప్పుడో? ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి, పక్కన చుక్క పెట్టారు. అదేంటిరా అంటే ఆధార్ కార్డు తీసి చూస్తారు. అయితే ఈ జబ్బు ఈనాటిది కాదు. మా నూజివీడు జమీందార్లు మేకా వారు. ఆ వంశంలో ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసిన రంగయ్య అప్పారావు గారిని కూడా లోకం ఎం.ఆర్. అప్పారావు అనే అంది.

అమెరికా వెళ్లినవాళ్లైతే ఇంటిపేరుని తోకకి తగిలించారు. 2014లో మైక్రోసాఫ్ట్‌కి పెద్దయినాయన మన లెక్కన నాదెళ్ల సత్యనారాయణ. అక్కడ సత్య నాదెళ్ల. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ల పాట్లు ఇంకా ఘోరం. అమ్మానాన్నా ముచ్చటపడి పెట్టుకున్న పేరు వీసాలో ఇంటిపేరు గడిలోకి పోతుంది, అసలు పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. అంటే "మొదటి పేరు తెలియదు" అని! కన్నవాళ్లు బతికుండగానే.

ఇంగ్లండులో అందరికన్నా ఎక్కువమంది స్మిత్‌లట, అంటే కమ్మరివాళ్లు. వాళ్లకి వృత్తి, మనకి ఎక్కువగా ఊరు. కొండవీడు నుంచి వస్తే కొండవీటివారు. ఉన్న ఊళ్లో అందరూ ఆ ఊరివాళ్లే కనక ఆ పేరుతో పనుండదు; ఊరు దాటినవాడికే అది ఇంటిపేరవుతుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణి వైపు. పూర్వీకులు ఊరొదిలినా ఊరి పేరు వాళ్లని వదల్లేదు.

ఆ లెక్కన ఇప్పుడు డల్లాస్ నిండా నూజివీటివారు పుట్టుకురావాలి. పుట్టరు. పాస్‌పోర్టులో ఏది పడితే అదే ఖాయం. ఊరి పేరు మోస్తూ ఊరు దాటేవి మా చిన్నరసాలే. హైదరాబాద్ బండి మీద ఏ తోట కాయైనా "నూజివీడు రసాలండీ" అనే కేక వేస్తారు. బంగినపల్లికి నయం, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా తోటల్లో కాసినా దాని ఇంటిపేరు నంద్యాల జిల్లా ఊరిదే.

మొన్నొక శుభలేఖ వచ్చింది. బంగారు అంచు, రెండు పొట్టి పేర్లు, మధ్యలో హ్యాష్‌ట్యాగ్. ఎవరింటి పిల్లాడో తెలియక కింద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. తీరా చూస్తే మా పెదనాన్న మునిమనవడు! అయ్యా, అమ్మా, పాస్‌పోర్టులో ఎక్కడ రాయించుకుంటారో మీ ఇష్టం. శుభలేఖలో మాత్రం ఇంటిపేరు పూర్తిగా, పేరుకి ముందే అచ్చేయించండి.