రెండు తీగెల దీపము

చరిత్రములు వంశవర్ణనముతో నారంభమగుట ఆచారము గనుక, కారు ముందరి దీపములో నివసించు అల్పజీవినైనను, నేనును ముందుగా మా వంశమును నివేదించుకొందును. మా పూర్వులు కార్బైడు గ్యాసుతో మండుచు తొలినాటి మోటారుబండ్లకు దారి చూపిరి. వారి వెనుక విద్యుద్దీపములు వచ్చినవి. 1940లో అమెరికా దేశమున అద్దమును, దర్పణమును, తీగెను ఒక్కటిగా బిగించి మూసిన దీపములు నిర్బంధమగుటచే, తీగె తెగిననాడు దీపమంతయు పారవేయవలసి వచ్చెడిది. 1959లో పేటెంటు పొందిన హాలోజన్ దీపము 1962లో ఐరోపా కార్లలో ప్రవేశించి, 1971లో రెండు తీగెలను ఒకే బుడ్డిలో ధరించి ‘హెచ్4’ అను రూపము దాల్చెను. ఆ శాఖలో పుట్టినవాడను నేను.

నా ప్రాణము టంగ్‌స్టన్ తీగెలో నున్నది. 3,422 డిగ్రీల సెల్సియస్ వరకు కరగని ఆ లోహము, నేను వెలుగునపుడు దాదాపు మూడువేల డిగ్రీల వేడిమిలో జ్వలించుచు, అణువణువుగా ఆవిరియగుచుండును. సామాన్యమైన బల్బులో ఆ యావిరి గాజునకు మసివలె పట్టును. నాలో కొద్దిగా నింపిన హాలోజన్ వాయువో, దానిని గోడపై నిలువనీయక మరల తీగె చెంతకు చేర్చును. ఈ రాకపోకలు సాగుటకు నా గోడ మిక్కిలి వేడిగా నుండవలెను గనుక నన్ను క్వార్ట్జుతో నిర్మించిరి. ఇంతటి యగ్నిని సహించు ఆ క్వార్ట్జు మనుజుని వ్రేలి జిడ్డును మాత్రము సహింపజాలదు. జిడ్డంటిన చోట వేడి యొకతీరుగా నుండక, క్వార్ట్జు తెల్లబారి, బలహీనమై, తుదకు పగులును.

నా రెండు తీగెలలో నొకటి 60 వాట్లది. అది దూరమును చూపును. రెండవది 55 వాట్లది. దాని క్రింద చిన్న లోహపు దోనె కలదు. ఆ దోనె క్రిందికి పోవు కాంతిని అడ్డగించి, దర్పణపు పైసగమునకు మాత్రమే వెలుగును పోనిచ్చును. దర్పణమా వెలుగును నేలపైకి దించును. చూచువారికి నా విలువ వెలుగులో నున్నట్లు తోచును గాని, నా విద్య యంతయు ఆ దోనెలోనే యున్నది.

సికింద్రాబాదు రాణిగంజి దుకాణమున కాగితపు డబ్బాలో చిరకాలము పడియున్న నన్ను, దేవరయాంజాల్‌లోని యొక గోదాములో గుమాస్తాగా నున్న గృహస్థు కొనెను. నాగపూరు రహదారికిని కరీంనగరము పోవు రాజీవ్ రహదారికిని నడుమనున్న ఆ గ్రామమున గోదాములకు వచ్చు లారీలు రాత్రులందు బాటప్రక్క నిలిచియుండును. అట్టి దారిన తిరుగు ఆయన కారున కుడిదీపము మాడినది. ఒంటికంటి కారు ఎదుటివానికి చీకటిలో మోటారుసైకిలువలె కనబడును. అతడు ఆ భ్రమతో దగ్గరగా వచ్చినచో ప్రమాదము తప్పదు.

ఫ్యూజు చక్కగానున్నదని ముందు చూచుకొని, ఇంజను ఆపి, పాతబల్బు చల్లారిన పిమ్మట ఆయన బానెట్ ఎత్తెను. మూడు పిన్నుల ప్లగ్గును ఊడదీసి, రబ్బరు తొడుగును లాగి, స్ప్రింగు క్లిప్పును తప్పించి, తీగె తెగిన నా జ్ఞాతిని వెలికిదీసెను. అటుపిమ్మట నన్ను పట్టుకొనుటకు చేయి చాపగా, ప్రక్కన ఫోను దీపము పట్టుకొనియున్న కూతురు వారించెను.

“నాయినా, గాజును ముట్టకు! కింద రేకును పట్టుకో.”

“ఏంది బిడ్డా, షాకు కొడ్తదా?”

“షాకు గాదు. చేతి జిడ్డంటితే తొందరగ మాడిపోతది.”

ఆ బాలిక మాటవలన నా యాయువు నిలిచినది. నా మెడ చుట్టునున్న మూడు రేకులు ఒకే తీరున మాత్రమే గూటిలో కూర్చుండును గనుక, బలవంతము చేయక త్రిప్పి చూచుచు ఆయన నన్ను సరిగా కూర్చెను. వానతేమ లోపలికి పోయి దర్పణమును పాడుచేయకుండునట్లు రబ్బరు తొడుగును అంచులవరకు సర్ది బిగించెను. చీకటిపడిన పిదప ప్రహరీగోడపై రెండు దీపముల వెలుగును పోల్చి చూచిరి.

అంతలో పొరుగాయన వచ్చి, “అన్నా, వంద వాట్లది ఏస్తే పట్టపగలే గద!” యని హితవు పలికెను. ఈ హితవే మా జాతికి శత్రువు. పండ్రెండు వోల్టుల బ్యాటరీనుండి 55 వాట్ల తీగె సుమారు నాలుగున్నర ఆంపియర్లను తీసికొనును. వంద వాట్లది ఎనిమిదికి మించి లాగును. చిన్న ప్రవాహమునకై వేసిన వైర్లు కాగును, ప్లగ్గు కరగును, దర్పణపు మెఱుగు పోవును. ఎదుటివాని కన్నులు చెదరుట యటుండనిండు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు, దించిన వెలుగు 8 మీటర్ల దూరమున, 1.5 మీటర్ల యెత్తున, దీపమునకు కుడివైపున నిలిచిన మనుజుని కన్నులకు మిరుమిట్లు గొలుపరాదని శాసించుచున్నవి. ఇప్పుడు ఎల్‌ఈడీ దీపములు ప్రబలినవి. వానిపై నాకు మాత్సర్యము లేదు. కాని నా తీగె యున్న చోటును లెక్కించి చేసిన దర్పణములో వేఱొక దీపమును దూర్చినచో, వెలుగు దారిని వదలి నలుదెసల చెదరిపోవచ్చును.

కనుక పాఠకమహాశయులారా, నన్ను మార్చునపుడు రేకును పట్టుకొనుడు; ఇంచుమించు ఒకే వయసుగల రెండు దీపములలో నొకటి పోయినచో రెండవదానిని కూడ మార్చుడు; 60/55 అని వ్రాసినదానినే కొనుడు; ఎదుటి బండి కనబడినంతనే నన్ను దోనె గల తీగెకు దించుడు. ఆ బండి నడుపువాడు దారి చూచుకొనగలిగిననే మీరును క్షేమముగా ఇల్లు చేరుదురు.