సమతూకం

క్యాంపస్‌లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ‘అన్న’. మెస్సులో పప్పు నీళ్ళయినా, ఫెలోషిప్పు ఆలస్యమైనా అడ్మినిస్ట్రేషన్ బిల్డింగు మెట్ల మీద బైఠాయించేది అన్నే. ఎమ్మే రెండో ఏడు. ‘గిన్ని పనుల్ల చదువెట్ల నడుస్తుందన్నా?’ అని జూనియర్లు అడిగితే, ‘టైమ్ మేనేజ్‌మెంట్ తమ్మీ’ అని నవ్వేవాడు.

ఆ మేనేజ్‌మెంట్ అన్న గదిలోనే ఉండేది. నాన్‌బోర్డరు. అంటే యూనివర్సిటీలో సీటు లేకపోయినా, తెలిసినవాళ్ళ గదిలో చాప పరుచుకుని గ్రూప్స్‌కి చదువుకునే కుర్రాడు. జాగా అన్నది, భోజనం అన్న మెస్ కార్డు మీద. బదులుగా రోజూ క్లాసుకెళ్ళి, అన్న పేరు వినబడగానే ‘ఎస్ సార్’ అనాలి. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గ్రూప్స్‌కీ పనికొచ్చేదే కదా, కుర్రాడు మొదటి బెంచీలో కూర్చున్నాడు. సందేహాలడిగాడు. ‘పాలనలో జవాబుదారీతనం’ మీద సెమినార్ పేపరు కూడా చదివాడు. అతని నోట్సు పరీక్ష ముందు రాత్రి తిరగేసి అన్న గట్టెక్కేవాడు. మంచి నోట్సు. నేనూ జిరాక్సు తీయించుకున్నాను.

ఎన్నికలొచ్చాయి. అన్న ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్నప్పట్నుంచీ ఈ ఎన్నికలకు పట్టింపులెక్కువ. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. (ఆ సంగతి ఇక్కడొద్దు.) అచ్చు పోస్టర్లు కూడదు. బ్యాక్‌లాగులుండకూడదు. హాజరు 75 శాతమైనా ఉండాలి.

పోస్టర్లన్నీ చేత్తో రాసినవే కాబట్టి గోడల నిండా అన్న పేరే, మొహం ఎక్కడా లేదు. హాజరు 91 శాతం! నాయకులు ఇంత బుద్ధిగా క్లాసులకు పోవడం తన సర్వీసులో చూడలేదన్నాడు ఆఫీసు గుమాస్తా.

ఇక ప్రొఫెసర్‌గారి సంతకమొక్కటే తక్కువ. కింద డప్పులు మోగుతుంటే అన్న ఫారం పట్టుకుని మొదటిసారి ఆయన గది తలుపు తట్టాడు.

ఫారంలో పేరు చూసి ఆయన మురిసిపోయారు. ‘ఇలాంటి పిల్లలే రావాలయ్యా రాజకీయాల్లోకి! మనిషేడీ?’

‘నేనే సార్.’

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఎగాదిగా చూశారు. ‘ఏడాదికి పైగా రోజూ నా ఎదురుగా కూర్చునే పిల్లాణ్ణి నేనెరగనా?’

‘నిజంగా నేనే సార్. ఇదిగో ఐడీ కార్డు.’

‘కార్డు కూడా చేయించావా!’ ఆయన లేచి నిలబడ్డారు. ‘దొంగ ఓట్లు విన్నాను గానీ దొంగ నామినేషన్ చూడటం ఇదే. గొడవలు చేసుకుంటే చేసుకో, నీ పేరు మీద చేసుకో. బుద్ధిగా చదువుకునే పిల్లాడి పేరు చెడగొట్టకు.’