బులెట్రావు గారి లెగ్ గార్డు

బండి మీంచి పడ్డ మనిషి ముందుగా మోకాలు చూసుకుంటాడని డాక్టర్లు అనుకుంటారు. బులెట్రావు ముందుగా చుట్టూ చూస్తాడు, ఎవరి కంటన్నా పడ్డానా అని. ఆ లెక్క తేలాక లెగ్ గార్డు చూస్తాడు. మోకాలి వంతు ఇంటికెళ్లి ప్యాంటు మార్చుకునేటప్పుడు గానీ రాదు. మన ఊళ్లలో పేటకొకడు చొప్పున ఉండే ఈ పెద్దమనిషి నడిపేది దగ్గర దగ్గర రెండు వందల కేజీల బండి. మలుపులో ఇసక మీద ముందు బ్రేకు నొక్కితే అది ఎవరి మాటా వినదు. దాని కింద పడి కాలు నుజ్జు కాకుండా కాచింది ఆ గొట్టమే. వంగినందుకు దానికి దణ్ణం పెట్టాల్సింది పోయి, ఆయన దాని మీద గుడ్డ కప్పి ఇంటికి తెస్తాడు. ఎందుకంటే ఆయన దృష్టిలో గార్డు కాలికి కాపలా కాదు, పరువుకి కాపలా. వంగిన గార్డు ఆయన పడ్డాడని చెప్పే సాక్షి. దాన్ని తిన్నగా చేయించడమంటే సాక్షి నోరు మూయించడం. ఇది అభాండమని ఎవరన్నా అంటే రుజువులున్నాయి.

మొదటిది, ఆయన రిపేరుకి వెళ్లే చోటు. సత్యనారాయణపురంలో కాపురం ఉంటూ, వీధి మొగలోనే ఉన్న మెకానిక్కుని వదిలేసి, వంకర గార్డుతో బెజవాడంతా దాటి ఆటోనగర్ వెళ్తాడు. అక్కడ అడక్కుండానే వాంగ్మూలం ఇస్తాడు: "స్టాండు వేసి ఉంటే ఎవడో గుద్ది పోయాడు మేస్త్రీ." మేస్త్రీ "అలాగా సార్" అంటాడు కానీ చూపంతా గార్డు మీదే. నిలబెట్టిన బండి ఒరిగితే తగిలిన చోట సొట్టో చిన్న గీకుడో పడుతుంది. నడుస్తున్న బండి పడితే గొట్టం పొడుగునా గీతలు సాగుతాయి, ఫుట్‌రెస్టు రబ్బరు అరుగుతుంది, క్లచ్ లివరు కొస చెక్కుకుపోతుంది. ఇవన్నీ ఎదురుగా పెట్టుకుని కూడా సార్ అన్నవాడు మేస్త్రీ కాడు, మహానుభావుడు.

రెండో రుజువు ఇంకా గట్టిది, అది రిపేరులోనే దొరుకుతుంది. గార్డు మామూలు మెత్తటి ఇనప గొట్టం. చల్లగా ఉండగా వంగితే వంగిన చోట లోహం గట్టిపడుతుంది. వెనక్కి లాగితే అక్కడ కదలకుండా పక్కన వంగి, ఉన్న ఒక వంకరకి తోడు ఇంకోటి తెచ్చుకుంటుంది. పైగా వదలగానే కొంత వెనక్కి పోతుంది కాబట్టి కావలసిన దానికన్నా కాస్త ఎక్కువే తొయ్యాలి. ఎర్రగా కాలిస్తే సులువుగా లొంగుతుంది, కానీ నికెలు మెరుపు మాడి పోతుంది. గొట్టం నలిగి చప్పిడైనా, పగులు కనబడినా ఇక పాత సామాను కొట్టుకే. అన్నిటికన్నా ముఖ్యం, గార్డుని బండి మీంచి ఊడదీసి సరిచేయాలి. బండికి ఉండగానే తాడు కట్టి వేపచెట్టుకి లాగితే ఆ లాగుడంతా చాసీ మీద పడుతుంది. సాధారణంగా గార్డుని చాసీ ముందు గొట్టానికి క్లాంపుతోనూ, కింద బోల్టులతోనూ పట్టిస్తారు. పడినప్పుడు దెబ్బ చివరికి చేరేది అక్కడికే. అందుకే మేస్త్రీ గొట్టం సంగతి పక్కన పెట్టి, "క్లాంపు సాగింది సార్, బోల్టులు కూడా మార్చాలి, చాసీ దగ్గర వెల్డింగు ఓసారి చూడనివ్వండి" అంటాడు. బులెట్రావు అడిగే ప్రశ్న ఒక్కటే: "అది బయటికి కనపడదుగా?" కనపడదని తేలగానే ఆ పద్దు కొట్టేస్తాడు. సరిచేసిన గార్డు పాత కన్నాలకి అరంగుళం తేడాతో వస్తే, కన్నాన్ని ఆకురాయితో సాగదీయించి, తలమీద 8.8 అని గుర్తున్న బోల్టు ఉండాల్సిన చోట డబ్బాలో దొరికిన బోల్టు దిగ్గొట్టిస్తాడు. నల్ల రంగుకి మాత్రం రెండు కోట్లు.

ఇదంతా పొదుపు కాదా అనొచ్చు. గ్యాసు, కూలీ, రంగు, టీలు, పోయిన ఒకపూట సెలవు కలిపి చూస్తే మామూలు గార్డు కొత్తది కొనుక్కోవడానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. కానీ కొత్తది తళతళలాడుతుంది, పాతది ఏమైందని నలుగురూ అడుగుతారు. పారేయకుండా బాగుచేసుకోవడం మంచి అలవాటే కదా అనీ అనొచ్చు. నిస్సందేహంగా. ఆటోనగర్ అన్నం తినేది దాని మీదే. అయితే బాగుచేయడం బోల్టు దగ్గర మొదలవుతుంది, రంగు దగ్గర కాదు. భద్రత మీద శ్రద్ధేమో అని జాలిపడే వాళ్లు బండి వెనక్కి వెళ్లి చూడాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్న వాళ్లకి పట్టుకోవడానికి పిడి, కాళ్లకి ఆనిక, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి కనీసం సగం మేర అడ్డు ఉండాలంటుంది. చట్టం అడిగిన ఆ చీర గార్డుని బులెట్రావు లుక్కు పోతోందని కొన్న వారానికే పీకించాడు. వెనక కూర్చునే వాళ్లావిడ కొంగు బొడ్లో దోపుకుని కూర్చుంటుంది.

ఆఖరున పనంతా అయ్యాక, "ఈసారి వంగకూడదు మేస్త్రీ" అంటాడు. దాంతో మందపాటి గొట్టం, అడ్డంగా రెండు పట్టీలు, నాలుగు చోట్ల వెల్డింగు. వంగుతూ దెబ్బ మింగాల్సిన వస్తువు ఇప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు చాసీకి చేరవేస్తుంది. మళ్లీ పడ్డప్పుడు గార్డు నిక్షేపంగా ఉంటుంది, బండి ఎడమకి లాగుతుంది. చాసీ మారిస్తే నంబరు మారుతుంది, ఆర్సీలో ఎక్కించాలి, అందుకు ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కాలి. ఎందుకు మార్చాల్సి వచ్చిందని అక్కడి గుమస్తా అడిగితే బులెట్రావు తడుముకోడు. స్టాండు వేసి ఉంటే ఎవడో గుద్ది పోయాడండీ అంటాడు.