ఫ్లెక్సీ ఎక్కిన హైస్కూలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చిన్న ఊళ్లలో బస్టాండు సెంటరు ఫ్లెక్సీలతో నిండిపోతుంది. ప్రైవేటు బడి ఫ్లెక్సీ నిండా పిల్లలుంటారు. జిల్లా పరిషత్ హైస్కూలు ఫ్లెక్సీలో ఎమ్మెల్యేగారు, సర్పంచిగారు, ఖర్చు పెట్టుకున్న ఎరువుల కొట్టు షావుకారు ఉంటారు. పరీక్ష రాసిన పిల్ల అడుగున ఒక మూల, హాల్ టికెట్ ఫొటోలో. పైన మాత్రం బంగారు అక్షరాలు: నూరు శాతం ఉత్తీర్ణత!

ఈ నూరు శాతం నిలకడ లేని సరుకు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 2,803 బడులకు దక్కింది, 2025లో 1,680కే. ఏడాది తిరిగేసరికి పంతుళ్లు పాఠాలు మరిచారా, పిల్లలు బుర్రలు ఇంట్లో పెట్టి వచ్చారా? అధికారులకు ఇలాంటి చిల్లర సందేహాలు రావు. అంకె బాగుంటే సంస్కరణల ఫలం, బాగోలేకపోతే హెడ్మాస్టరుకు మెమో.

మెమో అంటే హడలిపోయే హెడ్మాస్టరుకు భిన్నాలు బాగా తెలుసు. లవం పెంచాలంటే ఏడాదంతా పాఠం చెప్పాలి. హారం తగ్గించాలంటే ఒక్క తండ్రిని పిలిపిస్తే చాలు. "చూడవయ్యా, మీవాడు ఈ ఏడు గట్టెక్కేట్టు లేడు. ఓపెన్ స్కూల్లో కట్టించు." కూలి మానుకొచ్చిన తండ్రి "మీరెట్టా చెబితే అట్టా సారూ" అని దణ్ణం పెట్టి పోతాడు. బడి శాతం పెరుగుతుంది, మెకానిక్ షెడ్డులో ఒక కుర్రాడు పెరుగుతాడు. ఇద్దరికీ ఉపాధే!

మిగిలినవాళ్లలో వెనకబడ్డవాళ్లకు 'డల్ బ్యాచ్' అని బిరుదు. కూడబలుక్కుని చదివే పిల్లవాణ్ణి ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరూ ఆపరు, అడగరు. పదిలోకి రాగానే అందరికీ వాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవరు, 35 మార్కులకు సరిపడా ముఖ్యమైన ప్రశ్నలు. అయిదేళ్ల చదువును వంద రోజుల ప్రణాళికలో కుక్కుతారు. అదీ మాస్టారికి తీరిక మిగిలితే; 2024 దాకా మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడమూ ఆయన పనే.

ర్యాంకుల పిచ్చిని ప్రభుత్వం పట్టించుకోలేదని నిష్ఠూరమాడకండి. 2022లో ర్యాంకుల ప్రకటనలు వేస్తే 3 నుంచి 7 ఏళ్ల జైలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను హెచ్చరించింది. భేష్! ఆ ఏడాది ఫలితాల్లోనే 78.30 శాతంతో ప్రకాశం మొదటిదనీ 49.70తో అనంతపురం అట్టడుగుదనీ సర్కారే చాటింది. ర్యాంకు చాటడం బడి చేస్తే నేరం, సర్కారు చేస్తే సమీక్ష.

ఈసారి ఫ్లెక్సీ కింద ఆగినప్పుడు శాతంతో సరిపెట్టుకోకండి. ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎందరు ఈ బడి నుంచే పదో తరగతి హాల్ టికెట్ అందుకున్నారో అడగండి. అడ్మిషన్ రిజిస్టరు హెడ్మాస్టరు గది బీరువాలోనే ఉంటుంది.