డబ్బా ముందు, బోర్డు తర్వాత

సొంతంగా కంప్యూటర్ కట్టుకుందామనుకునే పిల్లలు నా దగ్గరికొచ్చి ముందు ప్రాసెసర్ గురించి అడుగుతారు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్. క్యాబినెట్ మాటెత్తితే "డబ్బాయే కదా బాబాయ్, మిగిలిన డబ్బుల్లో ఏదో ఒకటి తీసుకుందాంలే" అంటారు. నేను ఆ వరస తిరగేసి చెప్తాను. ముందు డబ్బా కొనండి. మిగిలిన డబ్బుల్లో లోపలికి ఏది వస్తే అది పెట్టండి. షాపులో ఈ మాటంటే ఒప్పుకోరు. "క్యాబినెట్‌కి డబ్బులు తగలేయొద్దు సార్, ఆ రెండు వేలు ప్రాసెసర్‌కి పెట్టండి" అంటారు. వాళ్ల లెక్క ఏసీ గదికి సరిపోతుంది. మన అర్ధవీడు ఇంటికి సరిపోదు.

మనది నల్లమల అంచు. మే నెలలో పగలు నలభై డిగ్రీలు దాటుతుంది. పైన రేకులో, ఎండకు కాలిన శ్లాబో ఉంటుంది. మిరపకాయల కల్లాలప్పుడు గాలిలో ఘాటు, పత్తి తీసేటప్పుడు నూగు, ట్రాక్టరు పోతే ఎర్రమట్టి. మార్కాపురంలో పలకలు కోసే వీధుల్లో ఉండేవాళ్లకైతే పిండిలాంటి రాతిదుమ్ము అదనం. ఈ గాలి మధ్యన కూర్చునే మిషన్‌కి డబ్బా అంటే ఇల్లు. ఇల్లు సరిగా లేకపోతే లోపల ఎంత ఖరీదైన చిప్పు పెట్టి ఏం లాభం?

ఇంకో కారణం ఉంది, అది ఇంకా గట్టిది. ప్రాసెసర్ సాకెట్లు కొన్నేళ్లకోసారి మారిపోతాయి. డీడీఆర్4 పోయి డీడీఆర్5 వచ్చింది. కానీ డబ్బా కొలత ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ కొలతే. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు, మరలు బిగించే చిల్లులు ఇవాళ్టికీ అక్కడే. మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244కి 244, మినీ ఐటీఎక్స్ 170కి 170. ఇవి కూడా పెద్ద డబ్బాలో అవే చిల్లులకు బిగుస్తాయి. అంటే మంచి డబ్బా ఒకటి కొంటే మూడు బోర్డులు మారినా అది మారదు. ఎక్కువకాలం ఉండేదానికే ఎక్కువ పెట్టాలని నా పట్టుదల.

చిన్నది ముద్దుగా ఉందని కొనకండి. గదిలో చోటు లేకపోయినా పెద్దదే కొనండి. చిన్న డబ్బాలో వేడి నిలవడమొకటే కాదు, దుమ్ము దులపడానికి చెయ్యి పట్టదు. చెయ్యి పట్టకపోతే ఎవరూ దులపరు. షాపుకి టేపు పట్టుకుపోండి. కూలర్ టవర్ ఎత్తు సుమారు 160 మిల్లీమీటర్లు, కొన్ని గ్రాఫిక్స్ కార్డుల పొడవు 300 పైమాటే. అట్టపెట్టె మీద రాసిన అంకెలు నమ్మినా మీ టేపుతో ఒకసారి కొలవండి. తర్వాత పక్క తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. కిరసనాయిలు డబ్బాలాగా లొట్టపోయి డబ్ మంటే అది అర మిల్లీమీటరు రేకు, వదిలేయండి. ముప్పాతిక మిల్లీమీటరు దాకా మందం ఉంటే గట్టిగా నిలబడుతుంది, ఫ్యాన్ తిరిగినప్పుడు గలగలలాడదు. లోపలి అంచుల మీద వేలు రాయండి. మంచి డబ్బాలో అంచు మడిచి ఉంటుంది. నాసిరకంలో కత్తిలా తెగుతుంది.

గాజు తలుపు అసలొద్దు. ఇప్పుడు షాపుల్లో నిలబెట్టేవన్నీ అవే, లోపల రంగురంగుల లైట్లు. టెంపర్డ్ గాజు మధ్యలో దెబ్బ తట్టుకుంటుంది కానీ అంచు సున్నితం. తలుపు ఊడదీసి టైల్స్ నేల మీద నిలబెట్టినప్పుడు అంచు ఠక్కున తగిలితే చాలు, మొత్తం పలుకులైపోతుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొని, కంభం దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటోలో గుంతల మీద అర్ధవీడు చేర్చాలి. ఇనుప తలుపు ఆ దారిలో సొట్ట పడుతుంది. సొట్టని లోపలి నుంచి చేత్తో నెట్టుకోవచ్చు.

పాత డబ్బా దొరికితే సంతోషంగా తీసుకోండి. గీతలున్నా, రంగు పోయినా నాకు కొత్తదానికంటే అదే ముద్దు. వెనక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పట్టాలి, అంతే. ఒక్క జాగ్రత్త: ఆఫీసుల్లో తీసేసిన కంపెనీ టవర్లు కొన్నింటికి బోర్డు చిల్లులూ, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ సైజూ సొంతంగా ఉంటాయి, మన బోర్డు అందులో కూర్చోదు. డబ్బాతో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మాత్రం పక్కన పెట్టేయండి. దాని మీద రాసిన వాట్లు నేను నమ్మను. అది వేరేగా, మంచిది కొనుక్కోవాలి.

ఇప్పుడు దుమ్ము. మన వైపు అందరూ చేసే పని, వేడెక్కుతోందని పక్క తలుపు తీసేసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టడం. నేనూ రెండు వేసవులు అలా నడిపాను. మిషన్ చల్లగానే ఉండేది. మూడో ఏడు కూలర్ విప్పితే రెక్కల మధ్య దుమ్ము పేరుకుని కంబళిలా ఊడొచ్చింది, ఎస్ఎంపీఎస్‌లో ఎండిపోయిన బల్లి. అప్పటి నుంచి నా ఇంట్లో తలుపు మూసే ఉంటుంది. వెనక కార్డులు దూర్చే చోట ఖాళీ బద్దీలు మరలతో బిగించేవి కావాలి. విరిచి పారేసే రకమైతే ఒకసారి విరిచాక మళ్లీ పెట్టలేం. ఆ సందు బల్లికీ బొద్దింకకీ వాకిలి.

ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. లోపలికొచ్చేది ఎక్కువైతే మిగతా సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము చొరబడదు. పరీక్ష సులువు. అగరొత్తి వెలిగించి వెనక సందుల దగ్గర పెట్టండి. పొగ డబ్బా లోపలికి పోతుంటే లెక్క తప్పినట్టు. ముందున్న జాలీకి డబ్బాతో వచ్చిన ఫిల్టర్ చాలదు, దాని మీద కిటికీలకు కొట్టే నైలాన్ దోమజాలీ ఇంకో వరస వేయండి. రెండు మూడు డిగ్రీలు పెరిగితే పెరగనివ్వండి. ఆదివారం ఆదివారం తీసి కుళాయి కింద కడిగి, ఆరబెట్టి పెట్టండి.

ఎన్ని ఫ్యాన్లు పెట్టినా, నీళ్ల కూలర్ పెట్టినా, గదిలోని గాలికంటే చల్లగా చేయలేవు. చలికాలం 25 డిగ్రీల గదిలో 65 దగ్గర నడిచిన చిప్పు, 40 డిగ్రీల గదిలో అదే పనికి 80కి చేరుతుంది. నేటి చిప్పులు 95, 100 దాకా ఓర్చుకుని, ఆపైన తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి ముందు గదికి కిటికీ చూడండి. డబ్బాని నేల మీద పెట్టొద్దు. అడుగున ఎస్ఎంపీఎస్ ఉన్న డబ్బాలు నేల దుమ్మే పీలుస్తాయి, ఇల్లు కడిగినప్పుడు తడి తగులుతుంది. నాది చెక్కపీట మీద ఉంటుంది, అడుగున రెండు అంగుళాల సందుతో.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి మిగిలింది. మా వీధిలో ఒక అబ్బాయి చెప్పులు లేకుండా కూర్చుని డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని, డబ్బా మార్చాలని వచ్చాడు. డబ్బాది తప్పు కాదు. ఎస్ఎంపీఎస్ లోపల రెండు వైర్ల నుంచీ ఇనుప పెట్టెకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సుమారు సగం పెట్టె మీదే నిలుస్తుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. అది మామూలుగా చంపేంత కాదు కానీ, అదే స్థితిలో టీవీకో ఇంకో మిషన్‌కో వైరు తగిలిస్తే పోర్టు కాలిపోవచ్చు. జివ్వు కాక గట్టిగా కొడితే అది వేరే లీకేజీ, ప్లగ్గు పీకేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆ అబ్బాయి ఇంట్లో త్రీ పిన్ ప్లగ్గు పైకాలు విరిచి టూ పిన్ సాకెట్‌లో దూర్చారు. అలా ఎప్పుడూ చేయకండి. డబ్బా ఇనుముదైతే, దానికి భూమి దారి చూపించడం మీ పని.

మీ ఇంటి వెనక ఉప్పూ బొగ్గూ వేసి పైపు దించిన ఎర్త్ గుంట ఎక్కడుందో మీ నాన్ననడిగి కనుక్కోండి. ఎండలకి అది ఎండిపోయి ఉంటుంది. డబ్బా కొనడానికి బయల్దేరే ముందు అందులో రెండు బిందెల నీళ్లు పోసి వెళ్లండి.